శరదాగమము: అనంతగిరి మొదలు తాండూరు దాక



వాన వెలిసిన మరునాటి వేకువను చెరువుకట్ట మీద నిలిచి చూచినవారికి శరత్తు వచ్చినదని వేరొకరు చెప్పనక్కరలేదు. నిన్నటిదాక ఎర్రమన్ను కలిసి మడ్డిగా పారిన నీరు తేటపడి, తూము దగ్గర అడుగుననున్న గులకరాయి సైతము కంటికి కనబడును. ఆకాశము తోమి బోర్లించిన పళ్లెమువలె నిగనిగలాడును. నడుమ నడుమ తెల్లని మబ్బుతునక లొకటి రెండు తిరుగాడుచుండును గాని వానిలో తడి యుండదు. బరువు దించుకొనిన కావటివాండ్రవలె అవి తాపీగా పోవుచుండును. గట్టుమీది గరికపోచల చివర మంచుబొట్లు నిలిచి నడచువాని పాదములను తడుపును. చెలక గట్లపై తంగేడు పొదలు పచ్చని పూలు తొడుగును. ఎద్దులకు మేత కొదువ లేదు, బావులకు నీటి కొదువ లేదు. ఏడాది పొడుగున రైతు ముఖమున కొంచెము నెమ్మది కనబడునది ఈ దినములలోనే.

మన పూర్వులు ఆయుస్సును శరత్తులతో లెక్కించిరి. నూరు శరత్తులు బ్రతుకవలెనని కోరుట వేదకాలము నాటి ఆచారము. వసంతములతో లెక్కింపక శరత్తులతో ఏల లెక్కించిరో యని నేను పలుమారు తలపోసితిని. వసంతము దానంతట అది వచ్చును. శరత్తును చూడవలెనన్న మాత్రము వానకాలము దాటవలెను. వరదలు, చలిజ్వరములు, పాముకాట్లు, గాదె అడుగంటిన నాళ్లు, ఇవన్నియు గడచి బయటపడినవాడే ఈ తేటనీటిని చూచును. కాబట్టి ఒక శరత్తును చూచుట యనగా ఒక యేడు గెలుచుటయే. ఇది పండితుల మతము కాదు, నా యూహ మాత్రమే. మన యూళ్లలో ముసలమ్మలు నేటికిని బిడ్డల వయస్సును దసరా పండుగలతో లెక్కించుట వినునప్పుడు ఆ యూహ నాకు మరింత బలపడును.

శీతదేశములలో ఈ కాలము ఆకురాలు కాలము. అచటి కవులు దీనిని చూచి ముసలితనమును, వీడ్కోలును తలచుకొందురు. మనకు ఆకురాలుట శిశిరమున గాని ఇప్పుడు కాదు; ఇప్పుడు పూలు పూయుచున్నవి. అందుచేత ఆ దేశముల పుస్తకములు చదివిన మన పిల్లలు శరత్తును విచారపు ఋతువుగా వర్ణించి వ్రాయుట చూచిన నాకు నవ్వు వచ్చును. తూర్పుదేశములవారు మనకు దగ్గరి చుట్టములు. చీనావారు తమ ఎనిమిదవ నెల పున్నమినాడు చంద్రునికి పండుగ చేసికొందురు. అది సాధారణముగా మన భాద్రపద పున్నమియే. పంట ఇంటికి వచ్చు వేళ, వెన్నెల తేటపడు వేళ పండుగ చేసికొనవలెనని వారికిని మనకును ఒకే రీతిగా తోచినది.

ఇక మన సీమకు వత్తము. వికారాబాదు చెంత అనంతగిరి కొండలు గలవు. అనంతపద్మనాభస్వామి వెలసిన చోటు. ముచికుందుడను రాజు గుహలో నిదురించుటయు, కాలయవనుడు అతనిని మేల్కొలిపి అతని చూపునకు భస్మమగుటయు భాగవతము చదివినవారికి తెలిసిన కథ. ఆ ముచికుందుని పేరిట వెలసిన నదియే ముచికుంద, మన నోట మూసి. ఇది స్థలపురాణము. కొండ యెక్కినవారు కన్నులార చూడదగిన సంగతి వేరొకటి గలదు. ఈ కొండల మీద పడిన వాన రెండు దారులు పట్టును. తూర్పు వాలున పడినది మూసియై హైదరాబాదు నడుమగా పోయి నల్లగొండ సీమలో వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. పడమటి వాలున పడినది కాగ్నాయై తాండూరు మీదుగా కర్ణాటక సీమ ప్రవేశించి భీమానదిలో కలియును. ఆ భీమ రాయచూరునకు ఉత్తరమున కృష్ణను చేరును. ఒకే మబ్బు కురిసిన రెండు చినుకులు రెండు వైపుల విడిపోయి, రెండు రాష్ట్రములు తిరిగి, కడకు ఒకే నదిలో కలిసికొనును. శరత్కాలమున ఈ కొండమీద నిలిచి రెండు వైపుల పల్లములను చూచినచో, ఈ సీమ చరిత్ర అంతయు ఈ రెండు నీటిదారుల వెంబడి నడచినదేయని తెలియును.

నీరు తేటపడుటకు మన పెద్దలు చెప్పిన కారణము అగస్త్యోదయము. దక్షిణాకాశమున అగస్త్య నక్షత్రము వేకువను కనబడునప్పటినుండి నీరు నిర్మలమగునని వారి నమ్మిక. వరాహమిహిరుడు బృహత్సంహితలో అగస్త్యచారమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కేటాయించెను. నక్షత్రము నీటిని కడుగునా యని నేటివారు అడుగుదురు. కడుగదు. వాన తగ్గి, వాగు వడి తగ్గి, మన్ను అడుగుకు దిగును. అదే దినములలో ఆ చుక్కయు వేకువను మింట నిలుచును. గడియారములేని కాలమున చుక్కయే గడియారము. మన వారు నీటికిని చుక్కకును ముడివేసినది జ్ఞాపకము కొరకని అనుకొన్నచో వారియందు తప్పు లేదు.

శరత్తును వర్ణింపని కవి మన భాషలో అరుదు. నన్నయభట్టారకుడు మహాభారతమును తెనిగించుచు అరణ్యపర్వమున శరద్రాత్రుల వెన్నెలను వర్ణించిన పద్యముతో రచన ఆపివైచెనని సంప్రదాయము. రాజరాజనరేంద్రుని కాలము, 11వ శతాబ్దము. ఆ మిగిలిన భాగమును పూరించుటకు 14వ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ వచ్చెను. ఆయన మొదలుపెట్టినది శరత్కాలపు సూర్యోదయముతో. ఒకరు రాత్రి విడిచినచోట మూడువందల యేండ్లకు వేరొకరు తెల్లవార్చిరి. మన సాహిత్యమున ఇంతటి పొడుగైన శరద్రాత్రి మరొకటి లేదు.

కాగ్నా వెంబడి పడమరగా పోయినచో సేడము దాటి మల్‌ఖేడు అను ఊరు వచ్చును. నేడది కోటగోడలు మిగిలిన చిన్న యూరు. వెయ్యేండ్ల క్రిందట దాని పేరు మాన్యఖేటము, రాష్ట్రకూటుల రాజధాని. 814 మొదలు 878 వరకు ఏలిన అమోఘవర్షుని కాలమున అది దక్షిణాపథమున కెల్ల పెద్ద నగరము. కన్నడమున మనకు దొరకిన మొదటి అలంకారగ్రంథము కవిరాజమార్గము ఆయన ఆస్థానముననే పుట్టినది. మన వేములవాడ చాళుక్యులు ఆ రాష్ట్రకూటులకు సామంతులు. పంపకవి వేములవాడ అరికేసరి కొలువున నుండి కన్నడమున భారతము వ్రాసెను. 972లో మాళవ రాజు సీయకుడు మాన్యఖేటమును కొల్లగొట్టెను. తాండూరు రేవున బట్టలుతుకు నీరు అదే నాడో మరునాడో ఆ కోటగోడల క్రిందుగా పోవునన్న సంగతి మన యూళ్లలో ఎందరికి తెలియును?

రాజులకు శరత్తు దండయాత్రల ఋతువు. కాళిదాసు రఘుమహారాజును దిగ్విజయమునకు శరత్తులోనే బయలుదేరదీసెను. శ్రీరాముడును వానకాలము నాలుగు నెలలు మాల్యవంతమున గడపి, శరత్తు వచ్చినను సుగ్రీవుడు కదలకుండుట చూచి లక్ష్మణుని పంపెను. బురదలో బండ్లు కదలవు, ఏరులు దాటరావు, గుఱ్ఱములకు మేత దొరకదు. వానలు వెలిసిన వెనుకనే సేన కదలవలెను. మన సీమలోనే దీనికి ఒక దృష్టాంతము గలదు. ఔరంగజేబు 1687లో గోలకొండను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించెను. ఆ యేటి వానలు మొగలు సేనను మిక్కిలి వేధించినవి. ఏరులు పొంగి ధాన్యము రాక శిబిరమున ఆకలి ప్రబలెను. కోట పడినది సెప్టెంబరులో, అదియు ఫిరంగులవలన గాక లోపలివాడొకడు తలుపు తీయుటవలన. తానాషా బందీయై దౌలతాబాదునకు పోయెను. అబ్దుల్ రజాక్ లారీ యొక్కడు ఒడలెల్ల గాయములతో కడదాక పోరాడెనని మన యూళ్ల కథకులు నేటికిని చెప్పుదురు.

ఇంతటితో రాజుల మాట చాలింతము. మన సీమ రూపు మార్చినది సేనలకంటె రైలు. వాడి నుండి సికింద్రాబాదునకు నిజాము రాజ్యపు రైలుమార్గము 1874 అక్టోబరులో తెరవబడెను. అప్పుడు మొదటి సాలారుజంగు దివాను. ఆ దారి తాండూరు మీదుగా, వికారాబాదు మీదుగా పోయినది. వికారాబాదు అన్న పేరు పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేర వచ్చినది. ఆయన ఫలకునుమా మేడ కట్టించినవాడు, 19వ శతాబ్దము చివర రాజ్యమునకు ప్రధానమంత్రిగా నుండినవాడు.

ఈ దారిన శరత్తులో పగటి బండి నెక్కి పడమరగా పోవుటకంటె నాకు వినోదము లేదు. వికారాబాదు స్టేషనులో దిగువ నేల ఎరుపు. జేగురు వన్నె మొరము. ధారూరు దాటునప్పటికి ఎరుపు పలుచబడును. తాండూరు చేరునప్పటికి నల్లరేగడి. ఆ రేగడి క్రింద సున్నపురాతి పొర; అదియే తాండూరు నాపరాయి. మన ముంగిళ్లలో, బడులలో, స్టేషనులలో పరచిన నీలిబూడిద వన్నె బండలు ఇక్కడివియే. వానకాలమున గనుల గుంతలు నీటితో నిండును. శరత్తులో వానిలోని నీరు తేటపడి ఆకాశపు నీలమునే పట్టుకొనును. ఎఱ్ఱనేల మీద మక్కజొన్న, నల్లనేల మీద కంది, రెండింటి నడుమ పత్తి. నలుబది కిలోమీటర్ల దారిలో నేల ఇన్ని రంగులు మారు చోటు మన రాష్ట్రమున అరుదని నా అభిప్రాయము.

రైతునకు శరత్తు అన్నమాట లేదు. ఆతనికి కార్తెలు గలవు. ఉత్తర, హస్త, చిత్త, స్వాతి. సెప్టెంబరు నడుమ ఉత్తర, నెలాఖరున హస్త, అక్టోబరు రెండవవారమున చిత్త, దసరా దీపావళుల నడుమ స్వాతి. పునాస పంటలు, పెసర, మినుము, మక్కజొన్న, ఇంటికి చేరుట ఈ కార్తెలలోనే. మాఘి జొన్నయు శనగయు నల్లరేగడిలో పడుటయు ఈ కార్తెలలోనే. కోత ఒక చేత, విత్తు ఒక చేత. మాఘి జొన్నకు తరువాత వాన లేదు. నేలలో దాగిన పదును, రాత్రి మంచు, ఈ రెండింటితోనే అది పండవలెను. కనుక హస్త చిత్తలలో ఒక మంచి వాన పడి ఆగుట రైతునకు కావలసినది. పడకున్న విత్తనము మొలవదు. ఆగకున్న కోసిన పనలు కల్లములో మొలకలెత్తును.

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత. ఉత్తర కార్తెలోను వాన పడకపోయినచో తట్టాబుట్టా నెత్తినెత్తుకొని ఊరు విడువుమని దాని భావము. ఇది వేడుకకు పుట్టిన సామెత కాదు. ధాత సంవత్సరము, అనగా 1876లో, దక్కనున వానలు తప్పెను. హైదరాబాదు రాజ్యమున గుల్బర్గా, రాయచూరు సీమలు, పొరుగున మైసూరు, మద్రాసు, బొంబాయి సీమలు 1878 దాక కరువుతో కాగినవి. రైలు వచ్చి రెండేండ్లే. అదే పట్టాల మీద ధాన్యపు బండ్లును, ఊరు విడిచిన జనమును పోయిరి. ఆ యేటి శరత్తును ఊహింపుడు: ఆకాశము తేటగనే యుండెను, వెన్నెల వెన్నెలగనే కాసెను, కవులు వర్ణించిన గుణము లొక్కటియు తక్కువలేదు, చెరువులో మాత్రము నీరు లేదు. శరత్తు అందము వానవలన వచ్చినదే గాని తనది కాదని మన పెద్దలకు ధాత కరువు తెలిపినంత స్పష్టముగా ఏ కావ్యమును తెలుపలేదు.

చెరువు నిండిన యేడు బతుకమ్మకు కళ. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపువ్వుతో మొదలై తొమ్మిది దినములు, సద్దుల బతుకమ్మతో ముగియు ఈ పండుగను మీకు వర్ణించి చెప్పుట నాకు తగదు. మీ యిండ్లలో పేర్చుచునే యున్నారు. చరిత్ర వ్రాయువాడనుగా ఒకటి రెండు మాటలు మాత్రము చెప్పెదను. ఈ పండుగ పుట్టుక గూర్చి కథలు పెక్కు గలవు. ధర్మాంగదుడను చోళరాజు కూతురని యొక కథ; వేములవాడ దేవుని చోళులు కొనిపోయిరన్న దుఃఖమునుండి పుట్టినదని నేటివారి యూహ. ఏ కథకును శాసనాధారము నేను చూడలేదు. నేను నమ్మునది పూలను. బతుకమ్మలో పేర్చు పూలు తోటలో నాటి పెంచినవి కావు. తంగేడు బీడుగట్టున, గునుగు జొన్నచేనిలో, కట్లపువ్వు కంచెలో, గుమ్మడి పెంట మీద. బంతియు చామంతియు తరువాత వచ్చిన చుట్టములు. దేవతకు విలువలేని పూలను, కలుపుపూలను, తాంబాళములో వరుసలు దిద్ది గోపురముగా నిలిపి, పసుపు గౌరమ్మను పైన ఉంచి, ఆటపాటల వెనుక ఊరి చెరువులో విడుచుట ఎవరో రాజు విధించిన ఆచారముగా నాకు కనబడదు. చేనిలో కలుపు తీయు స్త్రీ, ఆ కలుపులోనే ఒక పువ్వును చూచి, పారవేయక ఇంటికి తెచ్చినది. పండుగ అక్కడ మొదలైనది. పండుగను 2014లో తెలంగాణ రాష్ట్రపండుగగా ప్రకటించిరి. అదే యేట తంగేడును రాష్ట్రపుష్పముగా, జమ్మిని రాష్ట్రవృక్షముగా, పాలపిట్టను రాష్ట్రపక్షిగా నిర్ణయించిరి. మూడును శరత్తువే.

ఇచట మీకొక సంగతి మనవి చేయవలెను. గునుగు జొన్నచేని పువ్వు. జొన్న తగ్గి పత్తి పెరిగిన చోట్ల, కలుపుమందు చల్లిన చోట్ల, గునుగు కానరాదు. ఒక సాయంకాలము వికారాబాదు అంగడిలో గునుగుకట్టలు రాసులు పోసి అమ్ముట చూచితిని. కొనుచున్నవారిలో చేలు గల పల్లెల స్త్రీలును నుండిరి. తన చేనిలో మందు కొట్టి చంపిన పువ్వునే రూకలిచ్చి కొనుట నాకు వింతగా తోచి, ఒక పెద్దమ్మను అడిగితిని. "ఏం జేస్తం నాయనా, గట్టు మీద నాలుగు మొక్కలన్న ఇడువుమంటె మా పిల్లగాడు ఇనడు" అని ఆమె కట్ట చంకనిడుకొని పోయినది.

శరత్తు తొలినాళ్ల గూర్చి మాటాడునప్పుడు 1908ని విడువరాదు. ఆ యేట సెప్టెంబరు 25న అమావాస్య. అటుపిమ్మట కనబడిన నెలవంకతోనే హిందువుల యిండ్ల ఆశ్వయుజమును, ముసల్మానుల యిండ్ల రమజాను మాసమును మొదలైనవి. ఒక యింట బతుకమ్మ, పొరుగింట ఉపవాసములు. వానకాలము ముగిసినదని జనులు తలచు దినములు. అట్టి వేళ బంగాళాఖాతమునుండి వచ్చిన వాయుగుండము దక్కను మీద నిలిచి కురిసెను. సెప్టెంబరు 28న మూసి హైదరాబాదు నగరమును ముంచివైచెను. అఫ్జల్‌గంజు, ముసల్లంజంగు, చాదర్‌ఘాటు వంతెనలు కొట్టుకొనిపోయినవి. కుతుబుషాహీల నాటి పురానాపూలు దెబ్బతిన్నను నిలిచెను. చచ్చినవారు 15,000 అని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి 150 మంది బ్రతికిరని ఆ చెట్టును చూపుదురు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురును కన్నుల యెదుట పోగొట్టుకొని ఒక్కడు మిగిలెను. ఆ వరదనే కావ్యముగా వ్రాసెను.

ఈ కథ నగరమునది యని పల్లెవారు విడువరాదు. వరద తరువాత ఏర్పరచిన విచారణకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చెను. ఆయన లెక్కింపగా నగరమునకు ఎగువ మూసి పరీవాహమున 788 చెరువు లుండెను. అందు 221 తెగినవి. అనగా అనంతగిరి నుండి చేవెళ్ల మీదుగా నగరము దాక ఊరూరి కట్టలు ఒకదాని వెంట నొకటి తెగి, పై చెరువు నీరు క్రింది చెరువు మీద పడి, ఆ నీరెల్ల కూడి నగరము మీద విరుచుకపడెను. వాన ఒక్కటియే అంత పని చేయలేదు. ఎన్ని కట్టలకు ఎన్నేండ్లనుండి మన్ను వేయలేదో, ఎన్ని మత్తడులు పూడియుండెనో, ఆ లెక్క వ్రాసినవారు లేరు. ఆయన సలహాలను అనుసరించి 1920లో మూసి మీద ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగరు పూర్తియైనవి. నగరమువారు ఆ నీరు త్రాగిరి.

వాన శరత్తులోను మోసగించునని మరొక నిదర్శనము మనము చూచినదే. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో మళ్లీ బంగాళాఖాతపు వాయుగుండమే వచ్చి హైదరాబాదును, మన జిల్లాలను ముంచెను. ఆ యేట ఆశ్వయుజము అధికమాసము వచ్చినది. అందుచేత బతుకమ్మ ఎప్పుడు పేర్చవలెనని ఊళ్లలో వాదములు జరిగినవి. కొందరు సెప్టెంబరు అమావాస్యకు ఎంగిలిపువ్వు పేర్చి, నెల ఆగి మిగిలిన దినములు జరుపుకొనిరి. పంచాంగము ఒక నెల ఆగుమన్నది, వాన అంతకంటె ఎక్కువగా ఆగుమన్నది.

దసరానాడు సీమోల్లంఘనము చేయుట మన ఆచారము. ఊరి పొలిమేర దాటి, జమ్మికి మ్రొక్కి, పాలపిట్టను చూచి, జమ్మియాకు బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మ్రొక్కుదుము. తాండూరువారికి ఈ సీమోల్లంఘనమున చరిత్ర యొకటి యిమిడియున్నది. 1948 సెప్టెంబరు 17న నిజాము ప్రభుత్వము లొంగిపోయిన వెనుక నెలలోపుననే దసరా వచ్చినది. అప్పటికిని తాండూరు గుల్బర్గా జిల్లాలోని తాలూకాయే. 1956 నవంబరు 1న భాషారాష్ట్రము లేర్పడినపుడు తాండూరు, కొడంగలు తాలూకాలు గుల్బర్గానుండి విడివడి ఆంధ్రప్రదేశమున చేరినవి. తాండూరు హైదరాబాదు జిల్లాకును, కొడంగలు మహబూబునగరునకును పోయినవి. 1978లో రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా. ఆ అక్టోబరు 11 విజయదశమియే. ఇల్లు కదలని తాండూరు ముదుసలి ఒకడు అరువదియేండ్లలో నాలుగు జిల్లాల పౌరుడాయెను. మనము సీమ దాటితిమా, సీమ మనలను దాటినదా చెప్పుట కష్టము. భాష మాత్రము ఏ పొలిమేరను లెక్కచేయదు. తాండూరు అంగడిలో ఒకే మనిషి తెలుగున బేరమాడి, కన్నడమున నవ్వి, ఉర్దూలో లెక్క తీర్చుట నేటికిని వినవచ్చును. ఆశ్వయుజ పున్నమికి కర్ణాటకమువారు శీగిహుణ్ణిమె యని చేలకు పోయి పైరును పూజింతురు. పైరును గర్భవతియైన ఆడుబిడ్డగా భావించి పెట్టు సీమంతమది. అట్టి ఆచారములు పొలిమేరకు ఈవలను కొంత కనబడుట సహజము.

కార్తీకమున అనంతగిరి జాతర. కొండమీది కోనేట తానమాడి, బండ్లమీద, కాలినడకన వచ్చినవారు చెట్ల క్రింద వంటలు చేసికొందురు. నవంబరులో ధారూరు వద్ద మెథడిస్టు క్రైస్తవుల జాతర. వారును బండ్లు కట్టుకొని, గుడారములు వేసికొని, పిల్లాపాపలతో చెట్లక్రిందనే దినములు గడుపుదురు. ఒకరిది గుడి, ఒకరిది ప్రార్థన. వంటపొయ్యిలు, ఎడ్లమెడ గంటలు, రాత్రి చలికి కప్పుకొను గొంగళ్లు ఒక్కటియే. వానలు వెలిసి, కోతలు కొంత ముగిసి, చేతిలో నాలుగు రూకలాడు వేళయే జాతరకు వేళయని రెండు మతములవారును ఎరుగుదురు.

ఈ జాతరల నాటికి నల్లరేగడిలో కంది పూతకు వచ్చును. జూనులో జొన్నతోనో పెసరతోనో కలిసి పడి, తోడివి కోసికొనిపోయిన వెనుక ఒంటరిగా నిలిచి, పచ్చని పూలు పూయును. తాండూరు కందిపప్పు రుచి, నిలువ, త్వరగా ఉడుకుగుణము దేశమంతట పేరొందినవి. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ పూతకు కావలసినది తేట ఆకాశము. మబ్బుపట్టి రెండు దినములు ముసురు పెట్టెనా, కాయతొలుచు పురుగు పుట్టును, పూత రాలును. కార్తీకమున ఆకాశమున మబ్బుతునక కనబడినచో తాండూరు రైతు తలయెత్తి చూచుట అందము కొరకు కాదు. గట్టుమీద నిలిచి, చేయి నొసటికి అడ్డుపెట్టి, ఆ మబ్బు తూర్పునకు మరలునో పడమరకు పోవునో యని చూచుచుండును. సాయంకాలమునకు గాలి మారి మబ్బు విడిపోయెనా, గొంగడి భుజమున వేసికొని, పూలచేని నడుమగా ఇంటిదారి పట్టును.